క్రోషే నేర్చుకుందాం – 9వ పాఠం: అల్లిక తేడా కొట్టినప్పుడు

పోయిన పాఠంలో గుండ్రటి టేబుల్ మ్యాట్ మొదలుపెట్టాం. ఈపాటికి కొందరి మ్యాట్ గిన్నెలా పైకి లేచి ఉంటుంది. ఇంకొందరిది అంచంతా కుచ్చిళ్లు పడి, బల్ల మీద ఎంత పరిచినా పరుచుకోదు. రెండింటికీ కారణం చేతకాకపోవడం కాదు, లెక్క తప్పడం. అందుకే ఈసారి కొత్త కుట్టు ఏదీ లేదు. తప్పును వెతికి పట్టుకోవడమే పాఠం.

తేడా కనిపించగానే టెన్షన్‌పడి దారం లాగేయకండి. విప్పడం ఎప్పుడైనా విప్పొచ్చు. కానీ విప్పేశాక తప్పు ఎక్కడ జరిగిందో చూడటానికి ఏమీ మిగలదు, మళ్లీ అల్లితే మళ్లీ అక్కడే తప్పుతారు. సూది తీసి, ఆ చివరి ఉచ్చులోకి ఒక పిన్నీసు పెట్టి మూసేయండి. మ్యాట్‌ను వెలుతురున్న చోట బల్ల మీద పరిచి, కుట్లు లెక్కపెట్టండి.

డబుల్ క్రోషేతో అల్లే వృత్తం చదునుగా రావాలంటే వరుసకు 12 కుట్లు పెరగాలి. మొదటి వరుసలో 12, తర్వాత 24, 36, 48, 60. సింగిల్ క్రోషే అయితే వరుసకు 6 చాలు, హాఫ్ డబుల్‌కు 8 నుంచి 10 దాకా. పెంపు తక్కువైతే గిన్నె, ఎక్కువైతే కుచ్చిళ్లు. ఈ పాఠాల్లో వాడుతున్నవి అమెరికా పేర్లని మొదటి పాఠంలోనే చెప్పాను, మళ్లీ చెప్పక తప్పదు. మన డబుల్ క్రోషేను బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు, మన సింగిల్‌ను వాళ్లు డబుల్ అంటారు. ఇంట్లో ఉన్న పాత పుస్తకం చూసి పొట్టి కుట్టుకు, అంటే మన సింగిల్‌కు, వరుసకు 12 చొప్పున పెంచితే కుచ్చిళ్లు రాక ఏమవుతుంది?

సరే, ఐదో వరుసలో 60 ఉండాల్సింది 58 వచ్చాయనుకుందాం. మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టొద్దు, మధ్యలో ఎవరో పలకరిస్తారు, అంతా పోతుంది. మ్యాట్‌ను భాగాలుగా చూడండి. ఐదో వరుస పద్ధతి ఏమిటి? ఒక కుట్టులో రెండు, తర్వాత మూడింటిలో ఒక్కొక్కటి. అంటే భాగానికి 5 కుట్లు, అలాంటి భాగాలు 12. ప్రతి జంట కుట్టు దగ్గర ఒక పిన్నీసు గుచ్చుకుంటూ వెళ్లండి. రెండు పిన్నీసుల మధ్య 5కు బదులు 4 వచ్చిన చోట ఒక కుట్టు దాటేశారన్నమాట. అక్కడ వేలితో కొంచెం సాగదీస్తే, కింది వరుసలో ఏ కుట్టూ ఎక్కకుండా మిగిలిన తల ఒకటి జడ పాయలా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక భాగంలో 9 లెక్కకు వస్తే అక్కడ పెంచడమే మరిచారు, రెండు భాగాలు కలిసిపోయాయి.

భాగాలన్నీ సరిగ్గా ఉండి ఒక్కటే తగ్గినా పెరిగినా, వరుస కలిసే అతుకు దగ్గర చూడండి. తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే దాక్కుంటాయి. మొదట్లో వేసే మూడు గొలుసులు ఒక డబుల్ క్రోషే కింద లెక్క. వరుస చివర ఆ మూడో గొలుసులోనే స్లిప్ స్టిచ్ వేసి కలపాలి. ఆ స్లిప్ స్టిచ్ కుట్టు కాదు, అతుకు మాత్రమే. తర్వాతి వరుసలో పొరపాటున దానిలోనూ కుట్టు వేస్తే ప్రతి వరుసకూ ఒకటి అదనంగా చేరుతూ పోతుంది. దీనికి సులువైన ఉపాయం: గొలుసులు వేసిన వెంటనే మూడోదానికి పిన్నీసు తగిలించండి, చుట్టూ తిరిగి వచ్చాక వెతుక్కునే పని ఉండదు.

తప్పు దొరికింది. ఇక విప్పాలా వద్దా? ఇప్పుడు అల్లుతున్న వరుసలోనే ఉంటే అక్కడి దాకా విప్పేయండి, ఆలోచించక్కర్లేదు. మూడు వరుసల కింద ఒకే ఒక్క కుట్టు తగ్గి ఉంటే, ఇప్పటి వరుసలో సుమారు అదే చోట ఒకటి ఎక్కువ పెంచి ముందుకు సాగండి, మామూలు నిండు అల్లికలో అది ఎవరి కంటికీ ఆనదు. ఒకే వరుసలో మూడు నాలుగు తప్పి ఉంటే సర్దుబాట్లు వద్దు. విసనకర్ర, అనాస డిజైన్ల లాంటి లేసు పనిలో మాత్రం ఒక్క కుట్టు కూడా ఓర్చుకోదు, పై వరుసల్లో ఎక్కడో డిజైన్ కుదరక మొరాయిస్తుంది.

లెక్క సరిగ్గానే ఉంది, అయినా కొంచెం పైకి లేస్తోందా? అది చేతి బిగువు. 1.25 మి.మీ. సూదికి బదులు 1.5 మి.మీ. తీసుకోండి. తేడా స్వల్పమైతే తడిపి, పిన్నులతో చదునుగా పరిచి ఆరబెడితే సర్దుకుంటుంది. తుప్పు పట్టే పిన్నులు వాడొద్దు, తెల్ల నూలు మీద ఆ మరక వదలదు.

అటూ ఇటూ తిప్పి అల్లే స్కార్ఫ్ లాంటివి పైకి పోయేకొద్దీ సన్నబడుతుంటే, జబ్బు అదే అతుకు తరహాది. వరుస మొదట్లో మూడు గొలుసులు ఒక కుట్టు కాబట్టి మొదటి కుట్టును వదలాలి, చివర కుట్టును కింది వరుస గొలుసుల నెత్తిన వేయాలి. మొదటిదాన్ని వదిలి, చివరిదాన్ని మరిచిపోతే వరుసకు ఒకటి చొప్పున కరిగిపోతుంది. కింది అంచు బిగిసి వంకర తిరిగితే పునాది గొలుసు బిగువైందని అర్థం. పాపం దానికి తర్వాత మందు లేనట్టే, ఎందుకంటే క్రోషే అల్లిన చివర నుంచి విప్పుకుంటుంది గానీ మొదలు నుంచి కాదు. ఈసారి పునాది గొలుసు వరకు ఒక సైజు పెద్ద సూదితో వేయండి.

విప్పిన నూలు దారం వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. వదులుగా చిలపలా చుట్టి, తడిపి, వేలాడదీసి ఆరబెట్టుకోండి. రెండు మూడుసార్లు విప్పిన ముక్క నిగనిగ పోయి పోగులు లేస్తుంది, దాన్ని కత్తిరించి పక్కన పెట్టడమే మేలు.

పెద్ద పనుల్లో ఈ బాధ తగ్గించుకునే దారి నరసాపురం లేసులో ఉంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన లేసు అది. అక్కడ పువ్వులు విడివిడిగా అల్లి, తర్వాత అతుకుతారు. ఒక పువ్వు చెడితే ఆ పువ్వే పోతుంది, దుప్పటి మొత్తం కాదు. మొదటిసారి బెడ్‌షీట్ అల్లాలని ఉవ్విళ్లూరుతున్నవాళ్లు ఏకముక్కగా మొదలుపెట్టొద్దని నా గట్టి సలహా.

ఇక అభ్యాసం. ఒకే దారం, ఒకే సూదితో ఐదు వరుసల వృత్తాలు మూడు అల్లండి. మొదటిది సరైన లెక్కతో, రెండోది వరుసకు 9 చొప్పున పెంచుతూ, మూడోది 16 చొప్పున. మూడింటికీ మొదటి వరుస 12 కుట్లే. తప్పు వచ్చినవాటిని పారేయకండి. వచ్చే పాఠంలో గంజి పెట్టి పిన్నులు కొట్టడం నేర్చుకుంటాం, ఏ వంకర ఎంతవరకు లొంగుతుందో వాటి మీదే చూద్దాం.