పాత పికప్ వెనక వాలిపోతే నేను వెతికిన తీరు

ఖాళీ బండి కూడా వెనక ఎడమవైపు వాలి నిలబడేది, గుంతలో పడితే టక్‌మని శబ్దం. షాక్ అబ్జార్బర్లు పోయాయని అందరూ అన్నారు గానీ షాక్ బరువు మోయదు, ఊపును ఆపుతుందంతే. బండి వాలిందంటే ముందు కమాన్లనే (బరువు మోసే, ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప పట్టీల స్ప్రింగులు) అనుమానించాలి.

చదునైన నేల మీద పెట్టి, టైర్లలో గాలి సమానం చేసి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా రెండువైపులా టేపుతో కొలిచాను, ఎడమవైపు బాగా తక్కువ. తర్వాత ఛాసిస్ కింద స్టాండ్లు వేసి (ఒక్క జాకీని నమ్మి కిందకి దూరకండి బాబూ) టార్చి కొట్టి చూస్తే, ఎడమ కమాన్ రెండో పట్టీలో, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గర సన్నటి తుప్పు గీత. వైరు బ్రష్‌తో గీకితే పగులే! షాకిల్ (కమాన్ కొసను ఛాసిస్‌కి కలిపే ఊగే లింకు) దగ్గర ఇనుప కడ్డీ పెట్టి ఎత్తితే, అందులోని బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు గొట్టం) రబ్బరు పొడిపొడిగా రాలింది, ఆ టక్ శబ్దం అక్కడిదే.

కమాన్ కట్టలు రెండువైపులా మార్చాను, బుష్‌లు, కమాన్‌ని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కూడా కొత్తవే. యూ బోల్టులు బిగిస్తే సాగుతాయి, పాతవి మళ్లీ వాడకూడదు. బుష్ బోల్టులు మాత్రం బరువు చక్రాల మీదకి దిగాకే ఫుల్ టైట్ చేయాలి, లేదంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. షాకుల్లో ఆయిల్ కారడం లేదు, అవే ఉంచేశాను.