పాత్రకొక చీటీ

అమెరికన్ రచయిత జాన్ స్టెయిన్‌బెక్ 1937లో ప్రచురించిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ నవల పాఠ్యాంశంగా ఉన్న విద్యార్థులకు, కాలిఫోర్నియా వలస కూలీల పనిమాటలూ పాత్రల పేర్లూ పరీక్షల ముందు కలగాపులగమవుతుంటాయి. రెంటినీ కలిపే పునశ్చరణ చేయడం మేలు.

ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి చింపితే ఎనిమిది చీటీలు వస్తాయి. రెండు కాగితాలు సరిపోతాయి. చీటీకి ఒకవైపు పాత్ర పేరు, రెండోవైపు ఆ మనిషి పని, కోరిక లేదా భయం, ఆ మనిషి చుట్టూ వచ్చే రెండు మూడు పదాలు పుట సంఖ్యతో సహా రాసుకోవాలి. ఉదాహరణకు క్యాండీ చీటీ మీద, యంత్రంలో చేయి పోగొట్టుకొని, ముసలి కుక్కను వెంటబెట్టుకొని కూలీలు పడుకునే బంక్‌హౌస్ ఊడ్చే ‘స్వాంపర్’ అనీ, సొంత పొలంలో వాటా కోసం దాచుకున్న డబ్బు ఇస్తానంటాడనీ రాస్తే, ఆ పదం ఇక విడిగా బట్టీ పట్టనక్కరలేదు. కంచరగాడిదల బండి తోలే స్లిమ్‌కు ‘స్కిన్నర్’, కథానాయకులైన కూలీలు జార్జ్, లెన్నీలకు భుజాన మోసే పక్కచుట్ట ‘బిండిల్’. యజమాని కొడుకు కర్లీ భార్యకు నవలలో పేరే లేదు; ఆమె ఒంటరితనం అర్థం కావడానికి అదీ ముఖ్యమే కనుక చీటీ మీద అలాగే ఉంచాలి. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు, పదం చూసి మనిషినీ, మనిషిని చూసి పదాన్నీ చెప్పుకుంటే చాలు.

అయితే ఆయనదే 1939 నాటి ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’కు ఈ పద్ధతి పనిచేయదు. అందులోని 30 అధ్యాయాల్లో దాదాపు సగం కథకు కేంద్రమైన జోడ్ కుటుంబం గురించి కాక, వలస జనం అందరి గురించీ సాగుతాయి కనుక, ఆ నవలకు అధ్యాయానికొక చీటీ రాసుకోవాలి.