ఆర్‌వీ ఆనింగ్ కదలడం లేదా? మోటారు విప్పే ముందు ఇవి చూడండి

ఆర్‌వీ అంటే లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి, దాని పక్కన నీడ కోసం మోటారుతో తెరుచుకునే గుడ్డ పందిరే ఆనింగ్. స్విచ్ నొక్కినా ఆనింగ్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే అందరం ముందు అనుమానించేది మోటారునే. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు, కరెంటు దాని దాకా చేరదంతే. అందుకే బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి మోటారు వైపు వెళ్లండి.

బండి స్టార్ట్‌లో ఉంటే ముందు ఆఫ్ చేయండి. ఆనింగ్ తెరిచి ఉండగా బండి కదలకూడదని చాలా మోటార్ హోముల్లో ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ స్విచ్ పనిచేయకుండా పెడతారు. ఈ సంగతి తట్టక నేను ఒకసారి గంటసేపు ఫ్యూజులు పీకి మళ్లీ పెడుతూ కూర్చున్నా! తర్వాత బ్యాటరీ మెయిన్ స్విచ్, ఆనింగ్ ఫ్యూజు చూడండి. ఫ్యూజు పోయి ఉంటే అన్నే ఆంపియర్లది వేయండి, పెద్దది వేస్తే ఈసారి కాలేది వైరు.

మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే, దాని మీద ఏదీ నడవనప్పుడు మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) 12.6 వోల్టుల దగ్గర చూపించాలి. 12 కిందికి దిగిందంటే ముందు చార్జింగ్ పెట్టండి.

ఇదంతా బాగానే ఉన్నా కదలకపోతే అసలు పరీక్ష మోటారు దగ్గరే. దాని కనెక్టర్ ఊడదీయకుండా, రెండు వైర్లకూ మీటర్ ముళ్లు ఆనించి పట్టుకోండి, లోపల ఒకరిని స్విచ్ నొక్కమనండి. 12 వోల్టులు వస్తున్నా మోటారు తిరగడం లేదంటే, ఆనింగ్ చేతులు (గుడ్డను బయటికి చాచి పట్టుకునే కడ్డీలు) ఎక్కడా పట్టేయలేదని చూసుకున్నాక, అప్పుడు మోటారును అనండి. ఏ 8 వోల్టులో వస్తే దారిలో ఎక్కడో కనెక్టర్ చిలుము పట్టి ఉంటుంది, విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా కనిపిస్తుంది. అసలేమీ రాకపోతే తప్పు స్విచ్‌దో, రిలేదో (స్విచ్ చెప్పగానే మోటారుకు కరెంటు వదిలే భాగం), తెగిన వైరుదో. మూసేటప్పుడు మీటర్‌లో మైనస్ గుర్తు కనబడితే కంగారు పడకండి, మోటారు వెనక్కి తిరగాలంటే ప్లస్సూ మైనస్సూ తారుమారు కావాల్సిందే. తెరుచుకుంటుంది గానీ మూసుకోదు అంటే కూడా మోటారు కన్నా స్విచ్ మీదే నాకు అనుమానం.

పదే పదే తెరిచి మూస్తుంటే మధ్యలో ఆగిపోయిందా? వేడెక్కి తనంతట తానే ఆగి ఉండొచ్చు, ఓ పావుగంట వదిలేయండి.

ఆనింగ్ తెరిచి ఉంది, గాలి లేస్తోంది, అది మూసుకోవడం లేదు అన్నప్పుడే అసలు టెన్షన్. కొన్ని మోటార్లకు డ్రిల్లుతో తిప్పి మూసే ఏర్పాటు ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి. అది లేకపోతే మోటారు కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు వైర్లకూ వేరే 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి, ఎదురు దిక్కుకు తిరిగితే వైర్లు మార్చండి. మూసుకున్నాక ఆనింగ్ చేతులను బండికేసి తాడుతో గట్టిగా కట్టేయండి. ఆ తాడు లేకుండా మాత్రం మోటారు విప్పకండి. చాలా మోడళ్లలో ఆ చేతుల్లోని స్ప్రింగులో గ్యాస్ స్ట్రట్లో (లోపలి గ్యాస్ ఒత్తిడితో తోసే గొట్టాలు) వాటిని ఎప్పుడూ బయటికే తోస్తుంటాయి, ఆపి ఉంచేది మోటారే, అది వదిలిందంటే అవి ఒక్క ఊపున వచ్చి మొహానికి తగులుతాయి.