వియత్నాం స్వాతంత్ర్య నాయకుడు హోచిమిన్ మీద పోటీలో ఐదు నిమిషాలు మాట్లాడాలంటే

ముందే చెప్తున్నా, పుట్టిన ఊరితో మొదలుపెట్టకండి. విజయవాడలో డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలో నేను అదే చేశా, ఓడెక్కి దేశాలు తిరిగిన కథ చెప్తుంటే 1920 కూడా దాటకుండానే బెల్లు కొట్టేశారు.

ఒక్క కాగితం పట్టుకోండి చాలు. 1945 సెప్టెంబర్ 2న హనోయ్‌లోని బా దిన్ మైదానంలో ఆయన చదివిన స్వాతంత్ర్య ప్రకటన. రెండు మూడు పేజీలే. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికితే అదృష్టం, లేదంటే ఫోన్‌లో చదివేయండి.

అసలు సరుకంతా మొదట్లోనే ఉంది. మనుషులంతా సమానంగా పుట్టారన్న అమెరికా 1776 ప్రకటన మాటతో ఎత్తుకుంటాడు, దాన్ని మనిషి దగ్గర ఆపకుండా జాతుల దాకా లాక్కొస్తాడు: మనుషులు సమానమైతే జాతులూ సమానమే కదా అని. ఆ తర్వాత ఫ్రెంచ్ విప్లవం నాటి హక్కుల ప్రకటన తెస్తాడు. ఎనభై ఏళ్లు తమను ఏలిన ఫ్రాన్స్‌ను ఫ్రాన్స్ మాటతోనే కొట్టడం! రెండు నిమిషాలు దీనికే ఇవ్వండి.

తర్వాత 1919కి వెనక్కి వెళ్లండి. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జరిగిన పారిస్ శాంతి సభ రోజుల్లో ఆయన, ఇంకొందరు వియత్నాం వాళ్లు కలిసి ఇచ్చిన ఎనిమిది కోరికల అర్జీలో ఫ్రాన్స్‌ను దేశం వదిలి పొమ్మని లేదు. రాజకీయ ఖైదీల విడుదల, పత్రికా స్వేచ్ఛ, సభలు పెట్టుకునే హక్కు, ఇలాంటివే. అంటే అడిగింది స్వేచ్ఛ, అదీ దక్కలేదు. మనం కలిపేసి వాడే స్వేచ్ఛ, స్వాతంత్ర్యం ఎక్కడ విడిపోతాయో ఇక్కడ తెలుస్తుంది. 1945 అక్టోబర్‌లో రాసిన ఉత్తరంలో ఆయనే అన్నాడు, దేశం స్వతంత్రమైనా జనానికి సుఖం, స్వేచ్ఛ లేకపోతే ఆ స్వాతంత్ర్యానికి అర్థం లేదని.

మన పోలిక కావాలంటే చీరాల-పేరాల చెప్పండి. 1921లో, అప్పట్లో అది గుంటూరు జిల్లానే, మున్సిపాలిటీ పన్ను కట్టలేక జనం ఇళ్లొదిలి ఊరి బయట గుడిసెలేసుకున్నారు. హనోయ్ ప్రకటనలోనూ అన్యాయపు పన్నుల గోడు ఉంది.

జడ్జీలు "మరి అధికారంలోకి వచ్చాక స్వేచ్ఛ ఇచ్చాడా?" అనడిగితే టెన్షన్ పడి దబాయించకండి. ఆయన ఏలిన ఉత్తర వియత్నాంలో ఒకే పార్టీ రాజ్యం నడిచింది, భూసంస్కరణల్లో చాలామందిని చంపారు, తప్పులు జరిగాయని 1956లో వాళ్లే ఒప్పుకున్నారు. ఉన్నదున్నట్టు చెప్పేయండి, నా లెక్కలో అలా చెప్పినవాళ్లకే మార్కులు.

"స్వాతంత్ర్యం, స్వేచ్ఛల కంటే విలువైనది ఏదీ లేదు" అన్న ఆయన 1966 నాటి మాటతో మాత్రం ముగించకండి, మీ ముందు మాట్లాడిన ముగ్గురూ దాంతోనే ముగించి ఉంటారు.