ఒకే చోట పలు ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్లు: ట్యాగులు ఎలా బదులిస్తాయి, రీడర్లను ఎలా అమర్చుకోవాలి

గోదాములో ఒక ద్వారానికి ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ (సరకుకు అంటించిన ట్యాగులను రేడియో తరంగాలతో చదివే పరికరం) పెట్టినప్పుడు చక్కగా పనిచేసిన ఏర్పాటు, పక్కపక్కనే మరో మూడు ద్వారాలకు రీడర్లు బిగించగానే తడబడడం మొదలవుతుంది. మొదటి ద్వారం గుండా వెళ్లిన పెట్టె రెండో ద్వారం దగ్గర నమోదవుతుంది, లేదా ఎక్కడా నమోదు కాదు. అప్పుడు చాలామంది చేసే మొదటి పని రీడర్ల పవర్ పెంచడం. సమస్యను ముదరబెట్టేది కూడా అదే. ఇక్కడ చెప్పేదంతా ఈపీసీ జెన్2 ప్రమాణాన్ని, అంటే ఐఎస్ఓ 18000-63ను, పాటించే యూహెచ్‌ఎఫ్ (అతి అధిక పౌనఃపున్య) ట్యాగులకు సంబంధించినది. సరకు పెట్టెల మీది స్టిక్కర్లు, వాహనాల అద్దాల మీది ఫాస్టాగ్‌లు ఈ కుటుంబానివే. గ్రంథాలయాల్లో విరివిగా వాడే 13.56 మెగాహెర్ట్జ్ ట్యాగుల సంగతి వేరు. వాటి అయస్కాంత క్షేత్రం మీటరు దాటేసరికి బాగా క్షీణిస్తుంది కాబట్టి పక్క రీడర్ల బెడద వాటికి తక్కువ.

ట్యాగ్‌కు ఏమి వినిపిస్తుంది

ఈ ట్యాగులలో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే తరంగం నుంచే చిప్ తనకు కావలసిన విద్యుత్తును తీసుకుంటుంది. బదులు చెప్పేటప్పుడు కూడా అది సొంతంగా తరంగాన్ని పుట్టించదు. తన యాంటెన్నా స్థితిని మారుస్తూ, వచ్చిన తరంగాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కు ప్రతిఫలింపజేస్తుంది. మాట మొదలుపెట్టేది ఎప్పుడూ రీడరే.

పలు రీడర్ల వ్యవహారంలో అసలు చిక్కంతా ట్యాగ్‌లో ట్యూనర్ లేకపోవడంలో ఉంది. రేడియోలో మనం ఒక స్టేషన్‌ను ఎంచుకున్నట్లు ట్యాగ్ ఒక ఛానెల్‌ను ఎంచుకోలేదు. 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ వరకు ఏ తరంగం తగిలినా దాని బలం హెచ్చుతగ్గులను మాత్రమే అది గమనిస్తుంది. అందువల్ల ఇద్దరు రీడర్లు వేర్వేరు ఛానెళ్లలో మాట్లాడినా, ఇద్దరి తరంగాలూ దాదాపు సమాన బలంతో ఒకే ట్యాగ్‌ను చేరితే ఆ ట్యాగ్‌కు రెండు ఆదేశాలూ కలగలిసిపోయి ఏదీ అర్థం కాదు. ఛానెళ్లు మార్చినా ఈ తగాదా తీరదు.

రెండో తగాదా రీడర్ల మధ్య జరుగుతుంది. 1 వాట్ రీడర్‌కు 6 డెసిబెల్ లాభం (గెయిన్, అంటే తరంగాన్ని ఒక దిశకు కేంద్రీకరించే గుణం) ఉన్న యాంటెన్నా తగిలిస్తే 4 వాట్లకు, అంటే 36 డీబీఎంకు (డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి బలాన్ని చెప్పే కొలత), సమానమైన ప్రసారం వస్తుంది. అడ్డంకులు లేని చోట 5 మీటర్ల దూరంలోని ట్యాగ్ ఇచ్చే ప్రతిఫలనం రీడర్‌కు తిరిగి చేరేసరికి సుమారు మైనస్ 50 డీబీఎంకు పడిపోతుంది. అదే సమయంలో 10 మీటర్ల దూరంలో ఎదురుగా నిలిచిన మరో రీడర్ తరంగం మైనస్ 9 డీబీఎం బలంతో వచ్చి మీద పడుతుంది. తేడా సుమారు 40 డెసిబెళ్లు, అంటే పదివేల రెట్లు. ట్యాగ్ చదివే దూరం కొన్ని మీటర్లే అయినా, రీడర్లు ఒకదానినొకటి చెరుపుకునే దూరం దానికి ఎన్నో రెట్లు ఉంటుందని ఈ లెక్కే చెబుతుంది.

సంభాషణ క్రమం కూడా కొంచెం తెలుసుకోవాలి. రీడర్ క్యూ అనే విలువతో ఒక వంతును, అంటే ట్యాగులను పిలిచే ఒక విడతను, ప్రారంభిస్తుంది; 2ను క్యూ సార్లు హెచ్చిస్తే వచ్చినన్ని అరలు (బదులు చెప్పే సమయ భాగాలు) ఆ వంతులో ఉంటాయి. క్యూ విలువ 4 అయితే 16 అరలు. ప్రతి ట్యాగ్ ఒక అరను యాదృచ్ఛికంగా ఎంచుకొని, తన అర రాగానే 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. రీడర్ అదే సంఖ్యను తిరిగి చెబితేనే తన ఈపీసీ సంఖ్యను, అంటే తన గుర్తింపు సంఖ్యను, బయటపెడుతుంది. ఈ మార్పిడి మధ్యలో పక్క రీడర్ కొత్త వంతును ప్రారంభించే ఆదేశం వినిపిస్తే, ట్యాగ్ పాత వంతును వదిలేసి కొత్తదానిలో చేరుతుంది. ఒక సమయంలో ట్యాగ్ ఒకే వంతులో ఉండగలదు. ఎవరి ఆదేశం స్పష్టంగా వినబడితే వారి మాటే వింటుంది. ఆ మాట ఏ రీడర్‌దో దానికి తెలియదు, తెలుసుకునే మార్గమూ లేదు. కాబట్టి సర్దుబాటు బాధ్యత అంతా రీడర్లను అమర్చేవారిదే.

ముందు స్థలం, తరువాత సమయం

సెట్టింగుల తెర ముందు కూర్చునే ముందు యాంటెన్నాల సంగతి చూడాలి. ఎదురెదురుగా చూసుకునే యాంటెన్నాలు ఉంటే వాటిని పై నుంచి కిందికి వంచాలి, లేదా రెండూ ఒకే దిశకు చూసేలా తిప్పాలి. ఆ తరువాత ప్రతి ద్వారం దగ్గర పవర్‌ను గరిష్ఠం నుంచి కాక, కనిష్ఠం నుంచి మొదలుపెట్టి, అక్కడి ప్యాలెట్‌లోని (సరకు పేర్చిన పలకలోని) అన్ని ట్యాగులూ చదవబడే స్థాయి వరకు మాత్రమే పెంచాలి. పవర్‌ను 6 డెసిబెళ్లు తగ్గిస్తే ట్యాగ్‌ను మేల్కొలిపే దూరం సగానికి తగ్గుతుంది. ద్వారం వెడల్పు 3 మీటర్లే అయినప్పుడు 10 మీటర్ల దాకా ట్యాగులను లేపడం వల్ల లాభమేమీ లేదు. అప్పటికీ పక్క ద్వారం ట్యాగులు చదవబడుతుంటే, రెండు ద్వారాల మధ్య లోహపు జాలీ నిలబెట్టడం మంచిది. ఈ పౌనఃపున్యాల వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు కాబట్టి, జాలీ రంధ్రాలు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉన్నా సరిపోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ లోహపు పళ్ల నుంచి, షట్టర్ల నుంచి తరంగాలు ఊహించని దిక్కులకు ప్రతిఫలిస్తాయి కనుక, ఖాళీ గోదాములో కుదిరిన పవర్ నిండు గోదాములో కుదరకపోవచ్చు.

నాలుగు ద్వారాలు దగ్గరగా ఉంటే నాలుగు రీడర్లకు బదులు నాలుగు యాంటెన్నా పోర్టులున్న ఒకే రీడర్ చాలునా అని కూడా ఆలోచించాలి. అటువంటి రీడర్ ఒక్కో యాంటెన్నాను వంతులవారీగా వాడుతుంది కాబట్టి ఆ నాలుగింటి మధ్య ఘర్షణ ప్రశ్నే రాదు. అయితే కేబుల్ పొడవు పెరిగేకొద్దీ సంకేతం నష్టపోతుంది. సమయం కూడా పంచుకోవలసి వస్తుంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో వెళ్లే ఫోర్క్‌లిఫ్ట్ 3 మీటర్ల పరిధిని ఒకటిన్నర సెకన్లలో దాటేస్తుంది, అందులో ఒక ద్వారానికి దక్కేది నాలుగో వంతు కూడా ఉండదు. పెట్టెల సంఖ్య ఎక్కువగా ఉన్న చోట ఈ పొదుపు పనికిరాదు.

విడి రీడర్లే ఉంచదలిస్తే, అవి రోజంతా ప్రసారం చేయకుండా చూడాలి. ద్వారానికి ముందు కాంతి సెన్సర్ పెట్టి, దాన్ని రీడర్ ఇన్‌పుట్ పిన్నుకు కలిపి, సరకు అడ్డం వచ్చినప్పుడే కొన్ని సెకన్ల పాటు చదివేలా అమర్చితే సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. నా దృష్టిలో ఈ చిన్న సెన్సర్ ఇచ్చే ప్రయోజనం, ఖరీదైన రీడర్ కొనడం వల్ల వచ్చే ప్రయోజనం కంటే ఎక్కువ. రెండు ద్వారాల వద్ద తరచుగా ఒకేసారి సరకు కదిలితే, రీడర్లను నియంత్రించడానికి 2007లో వెలువడిన ఎల్‌ఎల్‌ఆర్‌పీ ప్రోటోకాల్ ద్వారా మధ్యలోని సాఫ్ట్‌వేర్ రీడర్లను విడతలవారీగా నడిపించవచ్చు. ఒకదానికొకటి అడ్డుపడే రీడర్లను గీతతో కలిపి పటం గీసుకొని, గీతతో కలిసిన రెండూ ఒకే విడతలో పడకుండా చూస్తే చాలు.

ఛానెళ్లు, సంకేతీకరణ

మన దేశంలో 2005 నాటి నియమాలు 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు, 1 వాట్ ట్రాన్స్‌మిటర్ పవర్, 200 కిలోహెర్ట్జ్ వెడల్పు మించకుండా, లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతించాయి. తరువాత పై హద్దు 868కి పెరిగింది. ఛానెళ్లు ఎక్కువ దొరుకుతాయని దిగుమతి రీడర్‌లో అమెరికా ప్రాంతాన్ని ఎంచుకోవడం కొందరు చేసే పని. ఆ 902–928 మెగాహెర్ట్జ్ పట్టీలో కొంత భాగం ఇక్కడ మొబైల్ ఫోన్లది. అది చట్టవిరుద్ధం, పైగా ఫోన్ల సంకేతాలకు హాని.

ఛానెళ్లు తక్కువే కాబట్టి వాటిని పొదుపుగా పంచాలి: పక్కపక్క ద్వారాలకు వీలైనంత దూరపు ఛానెళ్లు ఇవ్వాలి. దీనితోపాటు రీడర్ మెనూలో డెన్స్ రీడర్ మోడ్ పేరుతో ఉండే అమరికను, సాధారణంగా మిల్లర్ 4 సంకేతీకరణను (ట్యాగ్ తన బిట్లను ప్రతిఫలనంలో మలిచే ఒక పద్ధతి), ఎంచుకోవాలి. అందులో ట్యాగ్ ప్రతిఫలనం రీడర్ల మూల తరంగానికి సుమారు 250 లేదా 320 కిలోహెర్ట్జ్ పక్కకు జరిగి, రీడర్లు మాట్లాడని సందులోకి వెళుతుంది. అక్కడ దాన్ని వేరుచేసి వినడం సులువు. అయితే వేగం తగ్గుతుంది. ఎఫ్‌ఎం0 అనే మరో సంకేతీకరణలో ట్యాగ్ సెకనుకు 640 కిలోబిట్ల వరకు పంపగలిగితే, 250 కిలోహెర్ట్జ్ వద్ద మిల్లర్ 4లో అది 62.5 కిలోబిట్లే. పలు రీడర్లున్న చోట వేగమైన మోడ్ కాగితం మీదే వేగం. పోయిన బదుళ్లను మళ్లీ అడగడంలో ఆ లాభమంతా హరించుకుపోతుంది. ఇంతా చేసినా ఈ అమరిక తీర్చేది రీడర్ల మధ్య గొడవనే అని మరవకూడదు.

సెషన్లు: ఎక్కువమంది పొరపడే చోటు

జెన్2 ప్రమాణం ప్రతి ట్యాగ్‌కు ఎస్0, ఎస్1, ఎస్2, ఎస్3 అనే నాలుగు సెషన్లు ఇచ్చింది. ప్రతి సెషన్‌కు ట్యాగ్‌లో విడిగా ఒక ఫ్లాగ్, అంటే చదివారో లేదో చెప్పే గుర్తు, ఉంటుంది. చదవక ముందు అది ‘ఏ’, చదివిన తరువాత ‘బీ’. ‘ఏ’ స్థితిలోని ట్యాగులనే పిలవమని రీడర్‌కు చెబితే, ఒకసారి బదులిచ్చిన ట్యాగ్ మిగతావాటికి దారిచ్చి ఊరుకుంటుంది. సెషన్లు వేరైతే ఒక రీడర్ లెక్కను మరొకటి చెడగొట్టదు. కానీ సెషన్ వేరైనంత మాత్రాన తరంగాలు ఢీకొనడం ఆగదు. సెషన్ కాపాడేది ట్యాగ్ జ్ఞాపకాన్నే.

ఆ జ్ఞాపకం ఎంతసేపు నిలుస్తుందన్నది సెషన్‌ను బట్టి మారుతుంది. ఎస్0లో పవర్ అందినంతసేపే ఉంటుంది. పవర్ పోగానే ఫ్లాగ్ ‘ఏ’కు తిరిగి వస్తుంది. ఎస్1లో 500 మిల్లీసెకన్ల నుంచి 5 సెకన్ల మధ్య ఉండి, పవర్ ఉన్నా లేకపోయినా మాసిపోతుంది. ఎస్2, ఎస్3లలో పవర్ ఉన్నంతకాలం ఉండి, పోయాక కూడా కనీసం 2 సెకన్లు నిలుస్తుంది. అన్ని ద్వారాలకూ ఎస్2 పెట్టి ఉంచితే జరిగేది ఇది: మొదటి ద్వారం వైపు వస్తున్న పెట్టెను దారిలో రెండో ద్వారం రీడర్ పొరపాటున చదివి ఫ్లాగ్‌ను బీకి మారుస్తుంది, రెండో రీడర్ తరంగం తగులుతూనే ఉంటే ఆ ఫ్లాగ్ మారదు, మొదటి ద్వారం దగ్గర ‘ఏ’ స్థితి ట్యాగులనే పిలుస్తారు కాబట్టి పెట్టె మౌనంగా వెళ్లిపోతుంది. సిబ్బంది ట్యాగ్ పాడైందనుకొని పీకేస్తారు.

అందుకే పక్కపక్క ద్వారాలకు ఎస్2, ఎస్3లను ఒకటి విడిచి ఒకటిగా కేటాయించాలి. చేతిలో పట్టుకొని తిరిగే రీడర్లను ఎస్0 లేదా ఎస్1కు పరిమితం చేయాలి. ద్వారాల మీదే దృష్టి పెట్టేవారు మరిచిపోయేది ఈ చేతి రీడర్లనే, అవి ఎక్కడికైనా వెళ్లి ఎవరి లెక్కనైనా కలవరపెట్టగలవు. పెట్టెలు కదలకుండా ఉండే అరల దగ్గర దీర్ఘకాలం నిలిచే సెషన్ మంచిది. ఒకటి రెండు ట్యాగులే దాటే సన్నని దారిలో ఎస్0తో పదేపదే చదవడమే నయం.

ఏ ద్వారం చదివిందో తేల్చడం, సరిచూసుకోవడం

ఎంత జాగ్రత్తపడినా కొన్ని ట్యాగులు రెండు చోట్ల నమోదవుతాయి. టోల్ ప్లాజాలలో పక్క లేన్ వాహనం ట్యాగ్ చదవబడే ప్రమాదం ఇటువంటిదే. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాలలో అన్ని లేన్లూ ఫాస్టాగ్ లేన్లే అయ్యాయి కాబట్టి అక్కడ యాంటెన్నా దిశకు, వాహనాన్ని గుర్తించే సెన్సర్లకు ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. గోదాములోనైతే ఒకే ఈపీసీ సంఖ్య కొన్ని సెకన్ల వ్యవధిలో రెండు ద్వారాల నుంచి వస్తే, ఎన్నిసార్లు చదవబడింది, సంకేతబలం ఏ ద్వారం దగ్గర పెరిగి తగ్గింది అన్న రెండింటినీ కలిపి చూసి నిర్ణయించాలి. ఒక్క గరిష్ఠ సంకేతబలాన్నే నమ్ముకుంటే లోహపు ప్రతిఫలనాలు మోసం చేస్తాయి. రీడర్ల గడియారాలు ఒకే టైమ్ సర్వర్‌తో సరిచేసి ఉండకపోతే ఈ పోలికకు అర్థమే లేదు.

పరీక్షను ఇలా చేయాలి. మిగతా రీడర్లన్నీ ఆపి, ఒక ద్వారం గుండా ట్యాగుల సంఖ్య ముందే తెలిసిన ప్యాలెట్‌ను పలుమార్లు దాటించి ఫలితం రాసుకోవాలి. తరువాత పక్క రీడర్లను ఒక్కొక్కటిగా ప్రారంభిస్తూ అదే ప్యాలెట్‌ను మళ్లీ దాటించాలి. చదివిన సంఖ్య తగ్గితే, మొదట అన్నిటికీ వేర్వేరు సెషన్లు ఇచ్చి చూడాలి. బాగుపడితే దోషం ఫ్లాగులది, బాగుపడకపోతే తరంగాలది, అప్పుడు యాంటెన్నా దిశకు, పవర్‌కు, సమయానికి తిరిగి వెళ్లాలి. సంఖ్య తగ్గకుండా పక్క ద్వారంలో అదనపు నమోదులు కనిపిస్తే, ముందు తగ్గించవలసింది ఆ పక్క ద్వారం పవర్. కొత్త ర్యాకులు వేసినా, షట్టర్ మార్చినా, నీళ్ల సీసాల వంటి కొత్త సరకు రావడం మొదలైనా ఈ పరీక్షను మొదటి నుంచి మళ్లీ చేయాలి.