పాలమూరు ఎండల తాబేలును ఎట్ల సాకాలె

తాబేలు పిల్లను కొననీకె పోయే ముందు ఒకసారి మీ డాబా ఎక్కి నిలబడండి. పొద్దున ఏడు గంటలకు ఎండ ఎక్కడ పడుతున్నది, పదకొండు అయ్యేసరికి నీడ ఎక్కడికి జరుగుతున్నది, మంచిగ చూడండి. ఎండ, నీడ రెండూ దొరికే జాగా మీ ఇంట్ల ఉంటే తాబేలు బతుకుతది. లేకుంటే ఎంత ఖరీదు పెట్టి గాజు తొట్టి తెచ్చినా, ఎంత ప్రేమగ చూసుకున్నా అది రోజురోజుకు చిక్కిపోతది.

నేను మహబూబ్‌నగర్‌ల బట్టలు కుడత. మా బిడ్డ చదువుకోనీకె హాస్టల్‌కు పోతూ తన తాబేలును నాకు అప్పజెప్పి పోయింది. పేరు చిట్టి. పేరుకే చిట్టి, ఇప్పుడు దాని డిప్ప నా జానెడు దాటింది. జాకెట్లు కుట్టించుకోనీకె వచ్చినోళ్లు దాన్ని చూస్తరు, ఇంటికి పోయినంక ఫోన్ చేస్తరు. "అక్కా, మా పిల్లగాడు గూడ ఒకటి తెచ్చిండు, కండ్లు తెరుస్తలేదు, ఏం చెయ్యాలె?" అని అడుగుతరు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్న.

ముందుగాల అది ఏ తాబేలో తెలుసుకోవాలె. దుకాణాలల్ల రూపాయి బిళ్ల కన్న కొంచెం పెద్దగ, ఆకుపచ్చగ, కండ్ల వెనుక ఎర్ర పట్టీతోని కనపడేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. అమెరికాల మిసిసిపి నది పొంటి పుట్టిన జాతి. నీళ్లల్ల ఈదుతది, ఎండ కాగనీకె బయటికి వస్తది. మంచిగ సాకితే ముప్పై ఏండ్లు బతుకుతది. ఆడదైతే డిప్ప పది, పన్నెండు అంగుళాల దాక పెరుగుతది, మగది అంతకన్న చిన్నగనే ఆగుతది. అమ్మేటోళ్లు "ఇది ఇంతే ఉంటది, ఈ గిన్నె సరిపోతది" అంటే నమ్మకండి. ప్లాస్టిక్ కొబ్బరి చెట్టు పెట్టి అమ్మే ఆ చిన్న గిన్నె ఏ తాబేలుకూ ఇల్లు కాదు.

మన చేన్లల్ల, గుట్టలల్ల, చెరువులల్ల ఉండేటివి వేరు. వాటిని ఇంటికి తేనే వద్దు. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల లెక్క విచ్చుకొని ఉండే నక్షత్ర తాబేలు, చెరువు బురదల ఉండే మెత్తటి డిప్ప తాబేలు, రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌ల ఉన్నయి. పులి ఉన్నది గూడ అదే షెడ్యూల్‌ల. పట్టి దాచుకుంటే మూడేండ్ల నుంచి ఏడేండ్ల దాక జైలు పడుతది. 2019ల నక్షత్ర తాబేలును, అడవి జీవాల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం గూడ అన్నిటికన్న గట్టి జాబితాలకు ఎక్కించింది. ఇంట్ల ఉంటే లక్ష్మి నిలుస్తదని చెప్పేటోళ్లు, నమ్మి కొనేటోళ్లు ఉండబట్టే వాటిని అడవిలకెల్లి సంచులల్ల మూటగట్టి ఎత్తుకపోతున్నరు. నాకు మస్తు బాధ అనిపిస్తది.

ఇంకో మాట. నక్షత్ర తాబేలు పొడి నేల మీద గడ్డి, ఆకులు తిని బతికేది, దానికి ఈత రాదు. తాబేలే కదా అని బకెట్ల నీళ్లు పోసి అందుల వేస్తే మునిగి చస్తది. చేన్ల కనపడితే అక్కడే వదిలేయండి. ఇంటికి వచ్చి ఉంటే గాలి ఆడే అట్టపెట్టెల పెట్టి దగ్గరి అటవీ శాఖ ఆఫీసుల ఇయ్యండి. తొలకరి వానలకు చెరువు కట్ట మీది రోడ్డు దాటే తాబేళ్లను చూస్తే, అది ఎటు మొహం పెట్టి పోతున్నదో అటు దిక్కే రోడ్డు దాటించండి. వెనక్కు తిప్పితే మళ్ల రోడ్డెక్కుతది.

ఇగ నీళ్ల తొట్టి సంగతి. డిప్ప ఒక్కో అంగుళానికి నలభై లీటర్ల నీళ్లు లెక్క పెట్టుకోండి. పిల్ల ఉన్నప్పుడు పెద్ద టబ్బు చాలు. పెరిగినంక నాలుగు వందల లీటర్లు కావాలె, అంటే సిమెంటు హౌజే నయం. కొత్తగ కట్టిన హౌజు అయితే సున్నం నీళ్లల్లకు దిగుతది. రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోసి, మళ్ల నింపి పారబోసినంకనే తాబేలును వదలాలె. అడుగున చిన్న కంకర వెయ్యకండి. అది మింగుతది, పేగుల ఇరుక్కుంటది. వేస్తే దాని తలకాయ కన్న పెద్ద రాళ్లు వెయ్యాలె, లేకుంటే ఉత్త అడుగే మంచిది.

నీళ్లల్లకెల్లి ఎక్కి కూసోనీకె పొడి జాగా తప్పకుండ ఉండాలె. నేను నాలుగు ఇటుకలు పేర్చి, వాటి మీద షాబాద్ బండ ముక్క ఏటవాలుగ ఆనించిన. బండ నునుపు దిక్కు పైకి పెడితే కాళ్లు జారి పడుతది. గరుకు దిక్కు పైకి పెట్టాలె, కింది అంచు నీళ్లల్ల మునగాలె. చిట్టి పొద్దుగాల ఆ అంచు మీద ముందు కాళ్ల గోర్లు ఆనిచ్చి, మెడ చాపి, ఒక్క ఊపుల పైకి లేస్తది. పైకి వచ్చినంక వెనుక కాళ్లు రెండూ వెనక్కు బార్ల చాపి, వేళ్ల నడుమ తోలు విచ్చుకునేటట్టు పెట్టి కండ్లు మూస్తది. తాబేలు అట్ల పడుకున్నదంటే దానికి బాగున్నట్టే.

ఆ ఎండ ఎందుకంత ముఖ్యమంటే, ఎండల ఉండే యూవీబీ కిరణాలు పడితేనే దాని ఒంట్ల డి3 విటమిన్ తయారైతది. అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు, డిప్పకు పడుతది. ఎండ లేని తాబేలు డిప్ప మెత్తబడుతది, అంచులు పైకి లేస్తయి, కాళ్లు వంకర పోతయి. కిటికీ పక్కన పెట్టినం కదా అంటరు. ఆ కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. వెలుతురు వస్తది, వేడి వస్తది, కావలసింది రాదు. ట్యూబ్‌లైట్‌ల, మామూలు బల్బుల గూడ అది ఉండదు. మనకైతే దేవుడు ఇచ్చిన ఎండ ఏడాదిల ముప్పాతిక భాగం ఊరికె దొరుకుతది, రోజూ పొద్దున అర్ధగంట చాలు. ముసురు పట్టి వారాల తరబడి ఎండ లేనప్పుడు, లేదా డాబా లేని అపార్టుమెంటుల ఉన్నప్పుడు యూవీబీ బల్బు కొనాలె. వెలుగుతున్నా సరే ఆ బల్బుల బలం ఆరు నెలల నుంచి ఏడాదిల తగ్గిపోతది, మార్చుకోవాలె.

అదే ఎండ ఏప్రిల్, మే నెలలల్ల ప్రాణం తీస్తది. తాబేలుకు సొంతంగ ఒంటి వేడి తగ్గించుకునే ఉపాయం లేదు, నీడకో నీళ్లల్లకో పోవుడే. తక్కువ నీళ్లున్న టబ్బు డాబా మీద పెట్టి పనిల పడితే, పన్నెండు అయ్యేసరికి ఆ నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతయి. దానికి ఎక్కడికి పోవాల్నో తెల్వదు. అందుకే ఎండలకు తీసిన ప్రతిసారీ సగం టబ్బు నీడల ఉండేటట్టు పెట్టండి. హౌజు మీద పచ్చ జాలి పరదా కట్టండి. టబ్బును ఉత్త స్లాబు మీద పెట్టకుండ కింద గోనెపట్ట పరవండి. చేపల తొట్టిల పెట్టే థర్మామీటరు ఒకటి కొనుక్కుంటే ఏ అనుమానం ఉండదు. నీళ్లు ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలు, ఎండ కాగే బండ ముప్పై, ముప్పై రెండు. నీళ్లు ముప్పై రెండు దాటుతున్నయంటే నీడలకు జరపాలె. ఐస్ గడ్డలు మాత్రం వెయ్యొద్దు, కొంచెం కొంచెం చల్ల నీళ్లు కలపాలె.

డాబా మీద పిల్ల తాబేలుకు కాకులతోని, కోతులతోని, కుక్కలతోని గండం. పైన ఇనుప జాలి మూత, దాని మీద బరువు లేకుండ ఒక్క నిమిషం గూడ విడిచి రావొద్దు.

నల్లా నీళ్లల్ల క్లోరిన్ ఉంటది, ఒక రోజు వెడల్పు పాత్రల పట్టి ఉంచినంక పోయాలె. మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, డిప్ప మీద తెల్లగ పొర కడుతది. దాన్ని బూజు అనుకొని మందులు పూస్తరు, కత్తితోని గీకుతరు. డిప్ప అంటే ఎముక, దాంట్ల నరాలు ఉంటయి, గీకితే నొప్పి తెలుస్తది. మెత్తటి బ్రష్షుతోని నీళ్లు పోసి రుద్దితే చాలు. కొబ్బరినూనె రాసుడు, రంగులు వేసుడు అసలే వద్దు. అప్పుడప్పుడు పలుచటి పెంకులు ఊడి వస్తయి, అది పెరుగుతున్న గుర్తు. గుంట పడి, మెత్తబడి, చెడు వాసన వస్తే మాత్రం రోగమే.

ఫిల్టరు లేకుంటే వారానికి రెండుసార్లు సగం నీళ్లు మార్చండి. మేత వేరే చిన్న టబ్బుల పెడితే తొట్టి తొందరగ గలీజు కాదు. తీసిన నీళ్లు మల్లె చెట్టుకు, జామ చెట్టుకు మంచి బలం. కొత్తిమీర మడికి, పచ్చిగ తినే ఏ కూరకూ పోయకండి, ఎందుకో కింద చెప్త.

తిండి దగ్గర నాకు ఎక్కువ ఫోన్లు వస్తయి. "కండ్లు వాచినయి, తెరుస్తలేదు" అన్నోళ్లను ఏం పెడుతున్నరు అని అడిగితే, దుకాణంల ఇచ్చిన ఎండు రొయ్యల డబ్బా అంటరు. ఉత్త ఎండు రొయ్యల మీద పెంచితే విటమిన్-ఎ (A) తక్కువైతది, రెప్పలు ఉబ్బుతయి. కండ్లు కనపడక తిండి మానేస్తది, ఇంకా నీరసపడుతది. తాబేలు కోసమే చేసిన గోలీల మేత, దాని తలకాయంత కొలత పెట్టండి. పిల్లకు రోజూ, ఏడాది దాటినంక దినం తప్పి దినం. పెరిగే కొద్దీ ఆకులు ఎక్కువ కావాలె. మునగాకు, ముల్లంగి ఆకు, మందార పువ్వు, గుర్రపు డెక్క, అజొల్లా, తురిమిన క్యారెట్, గుమ్మడి, ఇవన్నీ మంచివే. పాలకూర కాల్షియంను పట్టనియ్యదు, రోజూ పెట్టొద్దు. పత్తి చేన్ల పక్క కుంటలకెల్లి తెచ్చిన ఆకులు పెట్టకండి, పురుగుమందు ఉంటది. వర్మీ కంపోస్టు చేసేటోళ్ల దగ్గర ఎర్రలు దొరికితే వారానికి ఒకటి రెండు వేయండి, ఎంత సంబురంగ తింటదో. అన్నం, రొట్టె, పాలు, బూందీ, ఉప్పు చేప వద్దు. కాల్షియం కోసం మూలికలు అమ్మే దుకాణంల సముద్రపు నురుగు అడగండి. అది కట్ల చేప ఎముక, తేలికగ తెల్లగ ఉంటది. గట్టి పెంకు దిక్కు తీసేసి ముక్క నీళ్లల్ల వదిలితే తనకు కావలసినప్పుడు కొరుక్కుంటది.

ముక్కు కాడ బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీసుడు, ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరుగుడు కనపడితే ఊపిరితిత్తులకు పట్టినట్టు. ఆగకుండ డాక్టరుకు చూపియ్యండి. మన దగ్గర పశువైద్యులు ఎక్కువగ బర్రెలు, ఎడ్లు, గొర్రెలు చూస్తరు, తాబేళ్లు చూసేటోళ్ల కోసం హైదరాబాద్ పోవాల్సి వస్తది. ముందు ఫోన్ చేసి అడిగి పోండి. నీళ్లల్ల పెట్టి తీసుకపోవద్దు, తడి బట్ట పరిచిన పెట్టె చాలు. ఒక్కటి మరువకండి. గొర్రెలకు, మేకలకు పురుగుల కోసం ఇచ్చే ఐవర్‌మెక్టిన్ తాబేలుకు విషం. ఎవరు ఇయ్యబోయినా వద్దని చెప్పండి.

తాబేలు ఆరోగ్యంగ కనపడినా దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉండొచ్చు. పిల్లలు చిన్న తాబేళ్లను నోట్ల పెట్టుకుంటున్నరనే 1975ల అమెరికాల నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం ఆపేసిన్రు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతోని చేతులు కడగాలె. తొట్టిని వంటింటి సింకుల కడగొద్దు. తొట్టి నీళ్లు కొత్తిమీరకు పోయొద్దన్నది గూడ ఈ క్రిమి వల్లనే. ఐదేండ్ల లోపు పిల్లలు, కడుపుతో ఉన్నోళ్లు, ముసలోళ్లు ఉన్న ఇంట్ల ఇంకా జాగ్రత్త. ఎత్తేటప్పుడు రెండు చేతులతోని డిప్ప రెండు పక్కలు పట్టుకోవాలె, కాలో తోకో పట్టి లేపొద్దు.

చలికాలం రాత్రులు పదిహేను డిగ్రీల కిందికి పోతే తొట్టిని ఇంట్లకు జరపండి. చలికి అరుగుదల ఆగిపోతది కాబట్టి బలవంతంగ తినిపియ్యొద్దు. చేపల తొట్టి హీటరు వాడితే దాని గాజు మీద ప్లాస్టిక్ జాలి ఉండాలె. ఆడ తాబేలు మగది లేకున్నా గుడ్లు పెడుతది. తిండి మాని, నేల గీకుతూ తిరుగుతుంటే జానెడు లోతు తడి ఇసుక, మన్ను కలిపిన పెట్టెల వదలండి. జాగా దొరకక గుడ్లు కడుపులనే ఆగితే ప్రాణం మీదికి వస్తది.

సాకలేము అనుకుంటే చెరువులనో, గుడి కోనేట్లనో, క్రిష్ణలనో వదలకండి. పుణ్యం అనుకుంటరు కానీ అది మన జాతి కాదు. మన చెరువు తాబేళ్ల తిండిని, ఎండ కాగే జాగాలను గుంజుకుంటది, రోగాలు అంటిస్తది. లోకంల అన్నిటికన్న ఎక్కువ చెరుపు చేసే వంద పరాయి జాతుల జాబితాల దీని పేరు ఉన్నది. జాగా ఉన్న ఇంకొకరికి ఇయ్యండి, లేదా కొన్న దుకాణంలనే వాపస్ తీసుకుంటరా అడగండి.

దసరాకు, బతుకమ్మకు ఊరికి పోవాల్సి వస్తే తిండి గురించి బుగులు పడకండి. ఆరోగ్యంగ ఉన్న పెద్ద తాబేలు నాలుగైదు రోజులు మేత లేకున్నా ఉంటది. పోయే ముందు కడుపు నిండ పెట్టి పోదామని డబ్బాడు మేత కుమ్మరిస్తే మిగిలింది కుళ్లి నీళ్లే పాడైతయి. పక్కింటోళ్లకు మాత్రం నీళ్ల మట్టం చూపించి, పచ్చ జాలి ఎట్ల గుంజాల్నో ఒకసారి చేయించి పోండి.