తలంబ్రాలయ్యాక లెన్స్ సంగతి

తలంబ్రాల ఫొటో బాగా రావాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే ఆ బియ్యం మన లెన్స్ మీదా పడతాయి. కాకినాడ చుట్టుపక్కల పదమూడేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. తెల్లవారుజాము ముహూర్తం అయ్యి ఇల్లు చేరేసరికి నా 24-70 జూమ్ లెన్స్ మీద పసుపు, నూక, హోమం పొగ, ఎవరో పిల్లాడి వేలిముద్ర, అన్నీ ఉంటాయి.

కొత్తలో ఓ పెళ్లిలో, తాళి కట్టే టైమైపోతోందని మెడలో కండువా అంచుతోనే తుడిచేశాను. గుడ్డ కింద ఏదో గరగరమంది. వెంట్రుకంత గీత. మామూలు ఫొటోల్లో కనపడదు గానీ, వీడియో లైటు ఎదురుగా పడిందంటే ఫొటో ఆ మూల తెల్లగా పాలిపోతుంది. అందుకే ఇప్పుడు ముందు చేతిలోకి తీసుకునేది బ్లోయర్, అంటే నొక్కితే గాలి కొట్టే రబ్బరు బుడ్డి.

లెన్స్ మూతి నేలవైపు వంచి పట్టుకుని, బ్లోయర్‌తో ఐదారుసార్లు గట్టిగా గాలి కొట్టండి. రాలినవి కిందికే పోతాయి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. అంచు సందులో ఇరుక్కున్న నూకకి మెత్తటి బ్రష్. దాని వెంట్రుకల్ని వేళ్లతో తాకితే మన చర్మం జిడ్డు అద్దానికెక్కుతుంది. అయ్యాక దీపం కింద ఏటవాలుగా చూడండి. ఏమీ లేకపోతే ఆపేయండి. నేను చాలా రోజులు ఇక్కడితోనే ఆపేస్తాను.

హోమం ముందు కూర్చుని తీసిన రోజు మాత్రం ఆపలేం. నెయ్యి పొగ అద్దం మీద పొరలా అంటుకుంటుంది. పొడి గుడ్డతో రుద్దితే పోదు, రంగురంగులుగా పరుచుకుంటుంది. లెన్స్ క్లీనర్ రెండు చుక్కలు లెన్స్ టిష్యూ మీద వేసుకోండి. అద్దం మీదే వేస్తే అంచు నుంచి లోపలికి దిగుతుంది. మధ్య నుంచి అంచుకి, గుండ్రంగా, చేతి బరువు వేయకుండా ఒక్కసారి తిప్పి ఆ టిష్యూ పారేయండి. మిగిలితే ఇంకో టిష్యూ. కిటికీ అద్దాల స్ప్రే, శానిటైజర్ దగ్గరికి రానీయొద్దు. వెనక అద్దం మీద మరక ముందుదానికన్నా ఎక్కువ కనపడుతుంది, కెమెరా నుంచి విప్పగానే క్యాప్ పెట్టేయండి.

ఉప్పాడ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ చేసొస్తే ఇంకో జాగ్రత్త. ఎండిన ఉప్పునీటి చుక్క అంటే ఉప్పు పలుకే. ముందు తడి టిష్యూ ఆనించి కరగనిచ్చి, అప్పుడు తుడవండి. బయటి గొట్టాన్ని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి.

ఏసీ రూములోంచి బయటికొచ్చినప్పుడు పట్టే ఆవిరిని తుడవక్కర్లేదు. బ్యాగులో ఉంచే బయటికి తెచ్చి, ఓ అరగంట జిప్పు తీయకండి.

ఇక బూజు. సముద్రం పక్కన ముసురు పట్టిందంటే బీరువాలో తోలు కేసులో పెట్టిన లెన్స్‌కి గండమే. తేమ చేరనివ్వని డ్రై క్యాబినెట్ పెట్టె కొనలేకపోతే, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు, చిన్న తేమ మీటరు చాలు. మీటరు 40కి 50 శాతానికి మధ్య ఉండాలి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మార్చేయండి. వాటిలో కోబాల్ట్ అనే విషపదార్థం ఉంటుంది, మళ్లీ ఆరబెట్టుకుందామని వంటింటి మూకుట్లో వేయించొద్దు. బియ్యం డబ్బాలో దాచమనేవాళ్లూ ఉన్నారు. తలంబ్రాలతో పడేది చాలదూ?

నెలకోసారి రెండు క్యాపులూ తీసి, ఎపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూస్తాను. సాలెగూడు పోగుల్లాంటివి కనపడితే ఆ లెన్స్‌ని మిగతావాటితో కలపకుండా విడిగా కట్టి రిపేరు షాపుకి తీసుకెళ్లండి. బూజు ఇంకా అంచునే ఉన్నప్పుడైతే వదులుతుంది. అద్దం మీది పూతని (కోటింగ్) తినేశాక బూజు పోయినా మచ్చ ఉండిపోతుంది.